మిషన్ స్కూల్ టీచర్లకు టెట్ ఉన్నట్టా, లేనట్టా? తెలిసినవాళ్లు చెప్పండి

సుద్దముక్క
అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలో ఒక ఎయిడెడ్ (ప్రభుత్వం జీతాలిచ్చే ప్రైవేటు) ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్ మిషన్) హైస్కూల్లో 2001 నుంచి లెక్కలు చెబుతున్నాను. వయసు 49. రిటైర్మెంటుకు ఇంకా పదేళ్లకు పైనే ఉంది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మీద తీర్పు ఇచ్చినప్పటి నుంచి మా స్టాఫ్‌రూములో వేరే మాట లేదు. మా హెచ్‌ఎం "మనది మైనారిటీ స్కూలమ్మా, మనకు వర్తించదు" అంటారు. ఒక ఆఫీసుకి వేరే పని మీద వెళ్తే అక్కడి ఉద్యోగి "ఎందుకైనా మంచిది, రాసి పెట్టుకోండి మేడమ్" అన్నారు. పక్క ఊరి జిల్లా పరిషత్ స్కూల్లో నాతోపాటు బీఈడీ చదివిన స్నేహితురాలు అయితే నిద్ర మానేసి చదువుతోంది. ఆమెకు తప్పదు. నాకు సంగతి తేలడం లేదు.

ఇంట్లో విషయం ఇంకొకటి. మా అమ్మాయి డీఎస్సీకి తయారవుతోంది. రాత్రి తొమ్మిదికి గిన్నెలు సర్దేసి దాని పక్కన కూర్చుంటాను. శిశు వికాసం పుస్తకం ఒకటే ఉంది, మధ్యలో పెట్టుకుని ఇద్దరం చదువుతాం. అది పసుపు రంగు పెన్నుతో గీతలు పెడుతుంది, నేను పెన్సిల్‌తో పెడతాను. పిల్లల ఎదుగుదల గురించి పియాజే చెప్పిన దశలు అది నాకు అప్పజెప్పించుకుంటుంటే ఒక్కోసారి గొంతు పట్టేస్తుంది. పాతికేళ్లుగా పిల్లల మధ్యే ఉన్నాను, ఇప్పుడు ఈ పరీక్ష పోతే నేను టీచర్ని కాకుండా పోతానా అని. ఈ టెన్షన్ నా ఒక్కదానిదే కాదు కాబట్టి అడుగుతున్నాను. చట్టం తెలిసినవాళ్లు అసలు సంగతి చెప్పండి.

బెజవాడ వకీలు
మేడమ్, సూటిగా చెబుతాను. ఈ రోజుకి మీకు టెట్ తప్పనిసరి కాదు. కానీ ఆ తలుపు మూసేయలేదు, దగ్గరగా వేసి ఉంచారంతే.

ఆ కేసు పేరు అంజుమన్ ఇషాత్-ఎ-తాలీమ్ ట్రస్ట్, మహారాష్ట్ర ప్రభుత్వం మీద వేసింది. జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టిన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం విన్నది. విద్యాహక్కు చట్టం రాకముందు చేరి, ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలన్నారు. కాకపోతే రావాల్సిన బెనిఫిట్లు ఇచ్చి తప్పనిసరిగా రిటైర్ చేయొచ్చన్నారు. ఐదేళ్లలోపు సర్వీసు మిగిలినవాళ్లు టెట్ లేకుండానే రిటైర్మెంటు దాకా ఉండొచ్చు, ప్రమోషన్ మాత్రం రాదు. తమిళనాడు, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలు ఈ తీర్పు మీద రివ్యూ పిటిషన్లు వేశాయి. ఆ రెండేళ్ల గడువు వల్లే మీ స్నేహితురాలి భయం నిజమైన భయం. చట్టం పరిధి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకే అయినా, హైస్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది చెప్పే స్కూల్ అసిస్టెంట్లు కూడా అందులోకి వచ్చేస్తారు.

ఇక మైనారిటీ స్కూళ్ల సంగతి. 2014 మే 6న ప్రమతి ట్రస్ట్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం మైనారిటీ స్కూళ్లకు, ఎయిడెడ్ అయినా కాకపోయినా, విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. రాజ్యాంగం 30(1) అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది కదా, దాని ఆధారంగా. 2025లో ఇద్దరు జడ్జీలు ఆ తీర్పు సరైనదేనా అని గట్టిగానే అనుమానం వెలిబుచ్చారు. కానీ ఐదుగురు చెప్పినదాన్ని ఇద్దరు కొట్టేయలేరు. అందుకే పెద్ద ధర్మాసనానికి పంపే విషయం చూడమని ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. అది తేలేదాకా మైనారిటీ స్కూళ్లకు మినహాయింపు కొనసాగుతుందని తీర్పులోనే రాశారు.

2025 డిసెంబరులో ఒక సంస్థ నేరుగా ప్రమతి తీర్పును కొట్టేయమని రిట్ వేస్తే, సుప్రీంకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకే రిట్ ఏమిటని మందలించి లక్ష రూపాయల జరిమానాతో కొట్టేశారు. దాన్ని చూసి కొందరు "మైనారిటీ స్కూళ్లు గెలిచాయి" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అది గెలుపు కాదు. అసలు ప్రశ్న అలాగే ఉంది.

పటమట నాన్న
వకీలు గారు, ఆ పెద్ద ధర్మాసనానికి వెళ్లే ప్రశ్న టెట్ ఒక్కటే కాదు కదా. 25 శాతం సీట్ల సంగతి కూడా ఉంది. అందరూ టీచర్ల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి పిల్లల వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి.

మేం హిందువులం. నేను, మా అన్నయ్య ఇద్దరం మిషన్ స్కూల్లోనే చదివాం. ఆ సిస్టర్లంటే ఇప్పటికీ నాకు భక్తి. అది ముందు చెప్పి మిగతాది చెబుతున్నాను.

మా అపార్ట్‌మెంటు కింద ఒకతను ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. ఆ బండి ఆనుకుని ఉన్న గోడ ఒక కాన్వెంటుది. ఆ స్కూలు పిల్లల యూనిఫాంలే రోజూ అతని బండి మీద కుప్పగా ఉంటాయి, తెల్ల చొక్కాలు, నీలం గౌన్లు. తన కూతుర్ని అందులో వేయాలని అతని కోరిక. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూల్లో పేదపిల్లలకు 25 శాతం సీట్లు ఉంటాయి కదా అని నేనే ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టాను. స్కూళ్ల లిస్టులో కార్పొరేట్ స్కూళ్లు వచ్చాయి, వీధి చివర అద్దె ఇంట్లో నడిచే స్కూలు వచ్చింది. గోడ అవతలి కాన్వెంటు రాలేదు. మైనారిటీ కదా, మినహాయింపు. లాటరీలో పిల్లకు రెండు కిలోమీటర్ల అవతల సీటొచ్చింది.

ఆయన నన్నేమీ అడగలేదు. మర్నాడు కూడా అవే గౌన్లు ఇస్త్రీ చేస్తున్నాడు. నాకే చూడబుద్ధి కాలేదు.

జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021లో ఒక రిపోర్టు ఇచ్చింది. మైనారిటీ స్కూళ్లలో చదివేవాళ్లలో 62.5 శాతం మంది మైనారిటీలు కారట. క్రిస్టియన్ స్కూళ్లలో అయితే 74 శాతం. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు మాత్రం 8.76 శాతమే. సీట్లలో ముప్పాతిక వంతు ఎలాగూ బయటివాళ్లకే ఇస్తున్నప్పుడు, అందులో ఒక పాతిక భాగం పేదపిల్లలకు ఇస్తే మైనారిటీ హక్కుకి ఏం నష్టం? కోపంతో అడగడం లేదు. మనసులో ఉన్నది అడుగుతున్నాను.

పల్లె ఫాదర్
పటమట నాన్న గారూ, మీ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే.

నేను ఒక పల్లెటూరి విచారణలో (పారిష్‌లో) గురువుని, అక్కడి స్కూలుకి కరస్పాండెంటుని. మా స్కూల్లో 212 మంది పిల్లలు. వాళ్లలో డబ్బున్న ఇంటి పిల్లలు నా వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. కూలీల పిల్లలు, పొగాకు బారన్ల దగ్గర పనికి పోయేవాళ్ల పిల్లలు. మీరు చెప్పిన 8.76 లెక్కలో మా స్కూలు కనబడదు, ఎందుకంటే అది దేశం మొత్తం మీద సగటు. పల్లెలో ఆర్‌సీఎం స్కూలు, పట్నంలో ఇంగ్లీషు మీడియం కాన్వెంటు రెండూ ఒక గాటన కట్టే జంతువులు కావు. భారత కథోలిక సంఘం కింద సుమారు 14 వేల స్కూళ్లు నడుస్తున్నాయి. వాటిలో ఎన్నో కొండల్లో, తండాల్లో, దళితవాడల పక్కన ఉన్నాయి.

అలా అని మిమ్మల్ని తప్పించుకుని పోను. పట్నం స్కూళ్ల విషయంలో మీరన్నది నిజం. వాళ్లూ ఫీజు మాఫీలు ఇస్తారు, నాకు తెలుసు. కానీ ఎవరికిచ్చారు, ఎంతమందికిచ్చారు, ఎలా అడగాలి అన్నది బయట బోర్డు మీద ఎక్కడా ఉండదు. సిస్టర్ గారికి తెలిసినవాళ్లు అడిగితే వస్తుంది, తెలియనివాళ్లు గేటు దాకా కూడా రారు. మీ ఇస్త్రీ అతను గేటు లోపలికి ఎప్పుడైనా వెళ్లాడా? వెళ్లి ఉండడు. ప్రభుత్వం పంపిన లిస్టు ప్రకారం సీట్లివ్వడం వేరు, మా అంతట మేమే పాతిక శాతం పక్కనపెట్టి పేర్లు లేకుండా లెక్క మాత్రం ఏటా నోటీసు బోర్డు మీద పెట్టడం వేరు. రెండోదానికి ఏ కోర్టూ అడ్డు చెప్పదు. మా మేత్రాసనం (బిషప్ గారి పరిధి) సమావేశంలో ఈ మాట నేను లేవనెత్తాను, మళ్లీ లేవనెత్తుతాను.

ఆ పాపను వచ్చే ఏడాదికి ఆ కాన్వెంటులోనే అడగండి. నేరుగా హెచ్‌ఎం సిస్టర్ గారి దగ్గరికి, తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఒంటరిగా పంపొద్దు.

పల్నాడు పండిట్
ఎయిడెడ్ మిషన్ స్కూల్లో తెలుగు చెబుతాను. సుద్దముక్క మేడమ్ అడిగినదాంట్లో ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది.

ఆంధ్రలో టెట్ 150 మార్కులకు. పాస్ కావడానికి ఓసీలకు 60 శాతం, అంటే 90 మార్కులు. బీసీలకు 75. ఎస్సీ, ఎస్టీలకు 60. మన మిషన్ స్కూళ్లలో టీచర్లు ఎవరు? సగానికి పైగా మాలపల్లె, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్లం. తాతల కాలంలో బాప్తిస్మం తీసుకున్నాం. సర్టిఫికెట్ మీద క్రైస్తవులం అని ఉంటే మేం ఎస్సీలం కాదు, బీసీ-సీ. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లకు, వాళ్ల పిల్లలకు ఇచ్చిన గ్రూపు అది. దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే ఎస్సీ హోదా.

అంటే ఒకే వీధిలో, ఒకే ఇంటిపేరుతో, ఒకే బావి నీళ్ల కోసం తగువులు పడ్డ ఇద్దరు అన్నదమ్ముల పిల్లల్లో ఒకరికి 60 వస్తే పాస్, ఇంకొకరికి 75 రావాలి. జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ని 2022 అక్టోబరులో వేశారు, మతం మారిన దళితుల సంగతి చూడమని. మేం ఎదురుచూస్తూనే ఉన్నాం.

కాబట్టి "రాస్తే పోలా" అని తేలిగ్గా అనేవాళ్లు ఈ 15 మార్కుల తేడా ఎవరి మీద పడుతుందో కూడా చూడండి. నా మటుకు నేను చెబుతున్నాను, మినహాయింపు ఉన్నంతకాలం ఎవరూ సొంతంగా వెళ్లి రాయొద్దు. మనలో సగం మంది రాసి పాసైతే, రేపు మిగతా సగం మంది మీద ఒత్తిడి పెట్టడానికి అదే ఆధారం అవుతుంది.

సుద్దముక్క
పండిట్ మాస్టారూ, 15 మార్కుల సంగతి నాకు తట్టనే లేదు. నేను ఓసీ కోటాలో ఉన్నాను కాబట్టి తట్టలేదేమో. చెప్పినందుకు దండాలు.

వకీలు గారూ, ఒక డౌట్. మా స్కూలుకి మైనారిటీ సర్టిఫికెట్ ఉందో లేదో నాకే తెలియదు. ఆర్‌సీఎం అని బోర్డు ఉంటే సరిపోదా?

బెజవాడ వకీలు
మంచి ప్రశ్న, చాలామంది అడగరు. సర్టిఫికెట్ వల్ల హోదా రాదు. మైనారిటీలు స్థాపించి, మైనారిటీలే నడుపుతుంటే హోదా దానంతటదే ఉన్నట్టు. సర్టిఫికెట్ ఉన్నదాన్ని గుర్తించడమే. కానీ రేపు ఆఫీసులో ఫైలు కదలాలంటే, కోర్టులో వాదన నిలవాలంటే కాగితం కావాలి. 2004 చట్టం కింద ఏర్పడిన జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ దగ్గర తీసుకోవచ్చు, రాష్ట్ర ప్రభుత్వం దగ్గరా తీసుకోవచ్చు. పాత మిషన్ స్కూళ్లు చాలావాటికి సొసైటీ రిజిస్ట్రేషన్, ట్రస్టు దస్తావేజు, మొదటి గుర్తింపు ఉత్తర్వు ఎక్కడో ఇనప్పెట్టెలో చెదలు పడుతూ ఉంటాయి. మీ కరస్పాండెంట్ ఫాదర్ గారిని ఆ మూడూ వెతికి స్కాన్ చేయించమనండి. ఇది ఈ వారమే చేయించాల్సిన పని.

ఏలూరు మాస్టారు
రిటైరైన హెచ్‌ఎంని. టెట్ వచ్చి మీద పడిందని కంగారు పడుతున్నారు గానీ, మన ఎయిడెడ్ స్కూళ్లకు అసలు దెబ్బ ఐదేళ్ల కిందటే తగిలింది. కుర్రవాళ్లు మరిచిపోయి ఉంటారు.

2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం చట్టం మార్చి, ఎయిడెడ్ యాజమాన్యాలు టీచర్లను, కావాలంటే ఆస్తులను కూడా ప్రభుత్వానికి అప్పజెప్పవచ్చు అంది. "ఇష్టపూర్వకంగా" అనే మాట కాగితం మీద ఉంది. మా యాజమాన్యం సంతకం పెట్టింది. వారం తిరగకుండా తొమ్మిదిమంది టీచర్లలో ఏడుగురిని వేరే ఊళ్లకు పంపారు. పిల్లల తల్లులు గేటు దగ్గర కూర్చున్నారు. ఒకామె పొలం నుంచి అలాగే వచ్చేసింది, కాళ్లకు బురద ఆరలేదు. "ఇప్పుడు ఫీజు కట్టమంటారా సారూ, ఎంత కట్టమంటారు" అని ఒకటే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు, యాజమాన్యం నాకూ చెప్పలేదు.

విశాఖలో, విజయవాడలో, అనంతపురంలో పిల్లలు రోడ్డెక్కారు. అనంతపురంలో నవంబరులో లాఠీచార్జి కూడా జరిగింది. ఆ తర్వాత ప్రభుత్వం నాలుగు దారులు ఇచ్చింది. టీచర్లు, ఆస్తులు రెండూ అప్పజెప్పొచ్చు. టీచర్లను మాత్రం అప్పజెప్పి ప్రైవేటుగా నడుపుకోవచ్చు. ఎయిడెడ్‌గానే కొనసాగొచ్చు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. మా వాళ్లు వెనక్కి తీసుకున్నారు. టీచర్లు తిరిగొచ్చారు. కానీ అప్పటికే టీసీలు తీసుకుని పోయిన పిల్లలు మాత్రం రాలేదు. ఆ జూన్‌లో 340 ఉన్న సంఖ్య మళ్లీ 200 దాటలేదు.

రిటైరైన టీచర్ స్థానంలో కొత్త ఎయిడెడ్ టీచర్ రావడమే గగనమైపోయింది. నేను దిగిపోయేనాటికి మంజూరైన పోస్టులు 11, మనుషులం నలుగురం. మిగతా క్లాసులు మేనేజ్‌మెంటు జీతం మీద ఎనిమిది వేలకి, పది వేలకి పనిచేసే అమ్మాయిలు చెప్పేవాళ్లు. టెట్ తీర్పు ఎయిడెడ్ టీచర్ని భయపెడుతోంది, సరే. ఆ ఎనిమిది వేల అమ్మాయి గురించి ఏ తీర్పులోనూ, ఏ మేత్రాసనం సర్క్యులర్‌లోనూ ఒక్క ముక్క నేను చూడలేదు. యాజమాన్యం హక్కు అంటున్నాం కదా, ఆ హక్కు ఉన్నవాళ్లకే ఆ జీతం పెంచే బాధ్యత కూడా ఉంది. ఫాదర్ గారు నన్ను క్షమించాలి, నేను ఆ టేబుల్‌కి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి.

పల్లె ఫాదర్
క్షమించాల్సింది మీరు, మాస్టారూ. మా స్కూల్లోనూ అలాంటివాళ్లు ఐదుగురున్నారు. నేను వచ్చాక ఏడు వేలను తొమ్మిది చేయగలిగాను, అంతే. తల్లికి వందనం పథకం కింద ఒక్కో పిల్లకు 15 వేలల్లో 13 వేలు తల్లి ఖాతాలోకి, 2 వేలు బడుల నిర్వహణకు అని పెట్టారు. 2025 జూన్ నుంచి ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇస్తున్నారు. ప్రైవేటు స్కూలు పిల్లలకూ వస్తుంది. దానివల్ల మా ఊళ్లో కొందరు తల్లులు పిల్లల్ని మళ్లీ మా బడికి తెచ్చారు. 75 శాతం హాజరు కావాలన్న నిబంధన కూడా మాకు మేలే చేసింది, పత్తి తీతలకు పిల్లల్ని తీసుకుపోవడం కొంత తగ్గింది. జీతాల సమస్య మాత్రం దీంతో తీరదు.

సిస్టర్ ఎం
చదువుతూ ఊరుకోలేక రాస్తున్నాను. ఎయిడెడ్ స్కూల్లో పనిచేసే మఠకన్యని.

ఆ చిన్న జీతాల టీచర్లకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో చాలామందికి తెలియదు. మాలాంటి సిస్టర్ల ఎయిడెడ్ జీతం మా చేతికి రాదు. పేదరిక వ్రతం తీసుకున్నాం, జీతమంతా సభకి, అంటే మా సిస్టర్ల సంస్థకి వెళ్తుంది. అందులోంచి బోర్డింగు పిల్లల అన్నం, అన్‌ఎయిడెడ్ టీచర్ల జీతం, ముసలి సిస్టర్ల మందులు. 1944 నుంచి ఆ జీతాల మీద ఆదాయపు పన్ను పట్టేవాళ్లు కాదు. 2014 తర్వాత పట్టడం మొదలుపెట్టారు, కోర్టుల్లో పదేళ్లు నడిచింది. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు 93 అప్పీళ్లను కొట్టేసి, జీతం ఎవరి పేరు మీద పడితే వాళ్ల దగ్గర పన్ను మినహాయించాల్సిందే అని తేల్చేసింది. ఆ డబ్బు తర్వాత ఎవరికిచ్చారన్నది పన్ను శాఖకు అనవసరం అన్నారు.

నాకు ఆ తీర్పు మీద పగ లేదు. టీచర్‌గా ప్రభుత్వం దగ్గర జీతం తీసుకుంటున్నాను, పక్క కుర్చీలో కూర్చున్న టీచర్ కడుతున్నప్పుడు నేను కట్టడం న్యాయమే అనిపిస్తుంది. కానీ బోర్డింగులో ఆ ఏడాది వారానికి రెండు గుడ్లు ఇచ్చేది ఒకటయింది. అది కూడా నిజం. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేకుండా చేశాక చిన్న సర్వీసు సిస్టర్లకు ఊరట దొరికింది. రిటర్ను మాత్రం వేయాలి. సభల్లో చాలామంది సిస్టర్లకు ఇది తెలియదు, ఫారం 16 తీసుకుని బీరువాలో పెట్టేస్తున్నారు. దయచేసి వేయించండి, ఎక్కువ పట్టిన పన్ను తిరిగొస్తుంది.

ఇక పటమట అన్నయ్యా, మీ ఇస్త్రీ అతని పాప గురించి. ఫాదర్ గారు చెప్పినట్టు చేయండి. డిసెంబరులోనే వెళ్లండి, మార్చి దాకా ఆగొద్దు.

డాలస్ అమ్మ
ఇక్కడి సంగతి చెప్పొచ్చో లేదో, కానీ ఫాదర్ గారి పాతిక శాతం మాట చదివాక రాయాలనిపించింది. మా ఇద్దరు పిల్లలూ టెక్సస్‌లో కేథలిక్ పారిష్ స్కూల్లో చదువుతున్నారు. మేం గుంటూరు నుంచి వచ్చినవాళ్లం.

అక్కడ మన దేశంలో గొడవ ప్రభుత్వం స్కూళ్ల లోపలికి ఎంతవరకు రావచ్చని. ఇక్కడ గొడవ ప్రభుత్వ డబ్బు చర్చి స్కూళ్లకు ఎంతవరకు పోవచ్చని. 2025 మేలో టెక్సస్ గవర్నర్ సంతకం చేసిన చట్టం ప్రకారం 100 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. ప్రైవేటు స్కూల్లో చేరే ఒక్కో పిల్లకు 10 వేల డాలర్లకు పైగా, 2026-27 నుంచి. ఫెడరల్ చట్టంలో కూడా, స్కాలర్‌షిప్ సంస్థకు ఇచ్చిన 1,700 డాలర్ల దాకా పన్నులో తగ్గించుకునే వీలు 2027 జనవరి నుంచి వస్తోంది, ఒప్పుకున్న రాష్ట్రాల్లో. ఓక్లహోమాలో ఏకంగా కేథలిక్ స్కూలునే చార్టర్ స్కూలుగా ప్రభుత్వ డబ్బుతో పెట్టాలని చూశారు. 2025 మేలో సుప్రీంకోర్టు 4-4గా చీలిపోయి అది ఆగింది.

మా ప్రిన్సిపాల్ సంతోషంగా ఉన్నారు. 1960ల మొదట్లో అమెరికాలో కేథలిక్ స్కూళ్లలో 52 లక్షల మంది ఉండేవాళ్లట, ఇప్పుడు 17 లక్షల లోపే. కానీ మొన్న పేరెంట్స్ మీటింగులో ఒక మెక్సికన్ అమ్మమ్మ లేచి, "ఈ డబ్బు వస్తే ఫీజు పెంచుతారా, పెంచరా? అది చెప్పండి ముందు" అంది. ఏలూరు మాస్టారి గేటు దగ్గర బురద కాళ్ల ఆమె అడిగింది కూడా అదే కదా. చదవగానే ఈ అమ్మమ్మ మొహం గుర్తొచ్చింది.

పటమట నాన్న
ఫాదర్ గారికి, సిస్టర్ గారికి కృతజ్ఞతలు. నేను వాదించడానికి వచ్చాను గానీ మీరిద్దరూ దారి చూపించారు.

ఇంకొకటి అడగాలి. 2024 ఏప్రిల్‌లో బిషపుల సమాఖ్య స్కూళ్లకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చిందని చదివాను, వేరే మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దొద్దని. అది ఊళ్లలో అమలవుతోందా?

పల్లె ఫాదర్
అవుతోంది, కొన్నిచోట్ల బాగా, కొన్నిచోట్ల గోడ మీద ఫ్రేము వరకే. రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదవమన్నారు, గేటు దగ్గర పెట్టమన్నారు. సర్వమతాల పిల్లలకు ఒక ప్రార్థన గది ఉంటే మంచిదన్నారు. స్వాతంత్ర్య సమరయోధులు, శాస్త్రవేత్తలు, కవుల పటాలు వరండాల్లో పెట్టమన్నారు. అవి వచ్చిన నెలలోనే మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గర హనుమాన్ దీక్ష దుస్తుల విషయంలో గొడవై ఒక మిషన్ స్కూలు మీద గుంపు పడింది. మదర్ థెరీసా విగ్రహాన్ని ధ్వంసం చేశారు, ఒక గురువుని కొట్టారు. కాబట్టి భయం కూడా ఒక కారణం, దాచను. కానీ భయం లేకపోయినా చేయాల్సిన పనే అది.

మా స్కూల్లో ఏడో తరగతి పిల్ల ఒకతి, గొర్రెల కాపరి కూతురు, మొదటి వారం "సర్వసత్తాక" దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. పిల్లలెవరూ నవ్వలేదు, ఎందుకంటే వాళ్లకూ రాదు. ఇప్పుడు చూడకుండా చెబుతుంది. మొన్న వాళ్ల నాన్నతో రేషన్ షాపులో "సమానత్వం అని మా బళ్లో రోజూ చదువుతాం" అని చెప్పిందట. ఆయన వచ్చి నాతో చెప్పాడు, ఫిర్యాదో మురిపెమో నాకు అర్థం కాలేదు. రెండూ కావచ్చు.

సుద్దముక్క
రెండు వారాలుగా అందరూ రాసినవి మళ్లీ మళ్లీ చదివాను. మా కరస్పాండెంట్ ఫాదర్ గారితో మాట్లాడి ఇనప్పెట్టె తీయించాను. 1950ల నాటి గుర్తింపు ఉత్తర్వు దొరికింది, ఒక మూల ఎలుకలు కొట్టాయి గానీ నంబరు కనబడుతోంది. స్కాన్ చేయించాం. సొసైటీ కాగితం మేత్రాసనం ఆఫీసులో ఉందన్నారు.

టెట్ సంగతి. నేను రాద్దామనుకుంటున్నాను. పండిట్ మాస్టారూ, మీ మాట కాదని కాదు. మా స్కూలు ఎవరినీ రాయమని అడగకూడదు, అడిగితే నేనే అడ్డం నిలబడతానని స్టాఫ్ మీటింగులో అందరి ముందూ చెప్పాను, మినిట్స్‌లో రాయించాను. మీ 15 మార్కుల సంగతి కూడా చెప్పాను. అది మా హెచ్‌ఎంకి కూడా తెలియదు.

నేను రాసేది ఉద్యోగం కోసం కాదు. పాతికేళ్ల కిందట బీఈడీలో చదివిన తర్వాత పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నది నేను మళ్లీ పుస్తకం తెరిచి చదవలేదు. మొన్న అమ్మాయితో చదువుతుంటే, ఎనిమిదో తరగతిలో బీజగణితం ఎందుకు ఎక్కదో ఒక పేజీలో ఉంది. సగానికి పైగా పిల్లలు 'ఎక్స్' అంటే ఒక వస్తువు అనుకుంటారు, సంఖ్య అనుకోరు అని. మర్నాడు క్లాసులో అడిగి చూశాను. 38 మందిలో 21 మంది అలాగే చెప్పారు. ఇన్నేళ్లూ నేను వాళ్లను మొద్దులనుకున్నాను. అప్పటి నుంచి అగ్గిపుల్లల డబ్బా తీసుకెళ్లి మూత పెట్టి, "లోపల ఎన్ని ఉన్నాయో తెలియదు, ఆ తెలియని లెక్క పేరు ఎక్స్" అని మొదలుపెడుతున్నాను.

పేపర్ 2ఏ, లెక్కలు-సైన్సు, పాత ప్రశ్నపత్రాలు తెలుగు మీడియంవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా? సైన్సు వైపు నాకు అసలు టచ్ లేదు. ఆ 60 మార్కుల్లో సగం అదే.

పల్నాడు పండిట్
మేడమ్, మినిట్స్‌లో రాయించారంటే నాకింక అభ్యంతరం లేదు. మా తమ్ముడి దగ్గర ఐదు సెట్లు ఉన్నాయి, రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతాను. తెలుగు 30 మార్కులకు మాత్రం ఎక్కడా వెతక్కండి, ఛందస్సు, సంధులు, సమాసాలు నేను నోట్సు రాసి పంపుతాను. మీ అమ్మాయికి కూడా పనికొస్తుంది.

పటమట నాన్న
ఇస్త్రీ అతనితో మాట్లాడాను. శనివారం పొద్దున పది గంటలకు ఇద్దరం కాన్వెంటుకి వెళ్తున్నాం. పాప బర్త్ సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు తీసిపెట్టాను. ఇంకేమైనా కావాలా, సిస్టర్ గారూ?

సిస్టర్ ఎం
అవి చాలు. పాపను కూడా తీసుకెళ్లండి.